మానని కమిలిన మచ్చ: ఒక అరుదైన రక్తనాళ క్యాన్సర్‌ను వైద్యులు గుర్తుపట్టిన చరిత్ర



దెబ్బ తగిలిన చోట చర్మం కమలడం అందరికీ అనుభవమే. ఆ మచ్చ మొదట ఎర్రగా ఉండి, తర్వాత నీలంగా మారి, ఆపైన ఆకుపచ్చ, పసుపు రంగులకు తిరిగి, రెండు మూడు వారాల్లో మాయమవుతుంది. చర్మం కింద చిందిన రక్తాన్ని శరీరం తానే విడగొట్టి శుభ్రం చేసుకునే క్రమమే ఈ రంగుల మార్పు. ఈ క్రమాన్ని పాటించని మచ్చ ఒకటి ఉంది. అది పసుపు రంగుకు తిరగదు, తగ్గదు, పైగా రోజురోజుకూ అంచులు దాటి పాకుతుంది. దెబ్బ తగిలిన జ్ఞాపకం కూడా ఉండదు. ఇటువంటి మచ్చ వెనుక చాలా అరుదుగా యాంజియోసార్కోమా అనే క్యాన్సర్ ఉంటుంది.

మన రక్తనాళాలన్నింటికీ లోపలివైపు ఒక పలుచని కణాల పొర పరచుకుని ఉంటుంది. ఆ కణాలే అదుపు తప్పి పెరిగితే వచ్చేది ఈ వ్యాధి. పెద్దవారికి వచ్చే క్యాన్సర్లలో మృదుకణజాలపు క్యాన్సర్లు సుమారు 1 శాతం. అందులో యాంజియోసార్కోమా వాటా మళ్ళీ 1 నుండి 2 శాతమే. ఒక సాధారణ వైద్యుడు తన వృత్తిజీవితమంతటిలో ఒక్క కేసు కూడా చూడకపోవచ్చు. రక్తనాళాలు లేని అవయవం లేదు కనుక ఇది శరీరంలో ఎక్కడైనా పుట్టవచ్చు. అయినా ఎక్కువగా కనిపించేది చర్మం మీద, ముఖ్యంగా వృద్ధుల తలమీద.

ఇంత అరుదైన వ్యాధి గురించి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం పాఠకులను ప్రత్యేకంగా దృష్టిలో పెట్టుకుని ఎందుకు వ్రాస్తున్నానో చెప్పాలి. ఈ మూడు ఊళ్ళూ బెంగుళూరు వెళ్ళే రైలుమార్గంలో వరుసగా ఉన్నాయి. క్యాన్సర్ అనే మాట వినబడగానే ఇక్కడి కుటుంబాలు ఆ రైలే ఎక్కుతాయి. హిందూపురం నుండి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లు. 1973లో అక్కడ కిద్వాయ్ స్మారక క్యాన్సర్ సంస్థ ఏర్పడిన నాటి నుండి కర్ణాటక రోగులతో పాటు మన సీమ రోగులకూ అదే దిక్కయింది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకాన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించిన మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి. ఈ మూడు ఊళ్ళూ అప్పుడు ఆ జిల్లాలోనివే. ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఆ పథకం వల్ల ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్ పేదలకు కొంత అందుబాటులోకి వచ్చాయి. అంటే వ్యాధి పేరు తెలిసిన తర్వాత వెళ్ళడానికి దారి ఉంది. పేరు తెలియక ముందు గడిచే నెలలే ప్రమాదకరం. ఆ నెలలు ఆసుపత్రిలో గడవవు, ఇంట్లో గడుస్తాయి.

ఈ వ్యాధి చరిత్రను చదివినప్పుడు నన్ను ఆకట్టుకున్న విషయం ఒకటుంది. దీన్ని గుర్తించడంలో మొదటి అడుగు ప్రతిసారీ ఏదో గొప్ప యంత్రం వేసినది కాదు. రెండవ రోగిని చూసినప్పుడు మొదటి రోగిని జ్ఞాపకం చేసుకున్న మనిషి వేసినది.

అందుకు మంచి ఉదాహరణ అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లూయీవిల్ నగరంలో ఉంది. అక్కడి బి.ఎఫ్. గుడ్రిచ్ కంపెనీ కర్మాగారంలో వినైల్ క్లోరైడ్ అనే వాయువు నుండి పి.వి.సి. ప్లాస్టిక్‌ను తయారుచేసేవారు. పెద్ద పెద్ద ఉక్కు పాత్రలలో ఈ రసాయన చర్య జరిగేది. ప్రతి విడతకూ పాత్ర లోపలి గోడలకు ప్లాస్టిక్ గడ్డకట్టి అంటుకునేది. దాన్ని గోకి తీయడానికి కార్మికులు పాత్రలోకే దిగేవారు. కర్మాగారపు వైద్యుడు జాన్ క్రీచ్ 1960లలోనే ఈ శుభ్రం చేసేవారి చేతులలో ఒక వింతను గమనించాడు. వారి వేళ్ళ చివరి ఎముకలు కరిగిపోతున్నాయి. దానిపై 1967లో ఆయనా, సహవైద్యులూ కలిసి 31 మంది రోగుల వివరాలు ప్రచురించారు.

కొన్నేళ్ళకు అదే కర్మాగారంలో ఒక కార్మికుడు కాలేయంలో పుట్టిన యాంజియోసార్కోమాతో మరణించాడు. తర్వాత మరొకరు. 1973 చివర ఇంకొకరు. కాలేయపు యాంజియోసార్కోమా అంటే అమెరికా దేశమంతటా కలిపి ఏడాదికి కొన్ని పదుల మందికి మించి రానిది. అటువంటిది ఒకే ప్రహరీ లోపల, ఒకే పని చేసేవారిలో మూడుసార్లు రావడం యాదృచ్ఛికం కాదని క్రీచ్ గ్రహించాడు. 1974 జనవరిలో కంపెనీ ఈ సంగతిని ప్రభుత్వానికి తెలిపింది. ఆయన, ఆయన సహోద్యోగి మారిస్ జాన్సన్ కలిసి అదే సంవత్సరం ఆ కేసులను ప్రచురించారు. కార్మికులు పీల్చే గాలిలో అప్పటివరకు పది లక్షల భాగాలకు 500 భాగాల వినైల్ క్లోరైడ్‌ను అనుమతించేవారు. ఆ హద్దును కొన్ని నెలల వ్యవధిలోనే మొదట 50కి, చివరకు 1 భాగానికి తగ్గించారు.

ఈ కథలో ఒక చేదు భాగం కూడా ఉంది. ఇటలీలో పియర్‌లూయీజీ వియోలా అనే వైద్యుడు ఈ వాయువు పీల్చిన ఎలుకలలో కణుతులు వస్తున్నాయని 1970లోనే ఒక అంతర్జాతీయ సభలో చెప్పాడు. తర్వాత చేజారే మాల్తోనీ ఎలుకల కాలేయాలలో సరిగ్గా ఈ యాంజియోసార్కోమానే కనుగొన్నాడు. ఎలుకల మాట ఎవరి చెవికీ సరిగా ఎక్కలేదు. మనుషులు మరణించిన తర్వాతే చట్టం కదిలింది.

ఇక్కడ మన రైతు సోదరులకు ఒక మాట. సీమలో బోరుబావి లేని పొలం, పి.వి.సి. పైపు లేని బోరు కనబడవు. ఈ కథ చదివి ఆ పైపులను చూసి భయపడవద్దు. ప్రమాదం కర్మాగారంలో పనిచేసేవారు పీల్చిన వాయువుది. పైపుగా గట్టిపడిన ప్లాస్టిక్ అదే పదార్థం కాదు. అయితే పాత పైపుముక్కలను పొలం గట్టున పోగువేసి కాల్చడం మాత్రం మానుకోవాలి. ఆ పొగలో ఈ క్యాన్సర్‌తో సంబంధం లేని వేరే విషాలు ఉంటాయి.

వైద్యులమైన మేమే తెచ్చిపెట్టిన యాంజియోసార్కోమా కూడా చరిత్రలో ఉంది. 1930ల నుండి 1950ల వరకు ఎక్స్-రేలో రక్తనాళాలు స్పష్టంగా కనిపించడానికి థోరోట్రాస్ట్ అనే ద్రవాన్ని రక్తంలోకి ఎక్కించేవారు. మెదడు రక్తనాళాల చిత్రణకు ఆద్యుడైన పోర్చుగల్ వైద్యుడు ఎగాష్ మోనిజ్ కూడా దీన్ని వాడాడు. చిత్రాలు అద్భుతంగా వచ్చేవి. కానీ అందులో ఉన్నది థోరియం. అది రేడియోధార్మిక పదార్థం, పైగా ఒకసారి శరీరంలో చేరితే బయటికి పోదు. కాలేయంలో, ప్లీహంలో కూర్చుండిపోతుంది. 1947లో అమెరికాలో ఇటువంటి రోగి కాలేయంలో రక్తనాళ క్యాన్సర్‌ను వర్ణించారు. ఆ తర్వాత జర్మనీ, డెన్మార్క్, పోర్చుగల్, జపాన్ దేశాలలో ఈ మందు ఎక్కించుకున్నవారిని దశాబ్దాల పాటు వెతికి లెక్కించారు. ఇరవై, ముప్పై ఏళ్ళ తర్వాత కూడా కేసులు వస్తూనే ఉన్నాయి. ఆర్సెనిక్ అనే పాషాణానిది కూడా ఇదే తీరు. 1786లో థామస్ ఫౌలర్ ప్రచారంలోకి తెచ్చిన ఆర్సెనిక్ ద్రావణం చాలాకాలం జ్వరాలకూ, చర్మరోగాలకూ ఔషధంగా చెలామణీ అయింది. జర్మనీలోని మోసెల్ లోయలో ద్రాక్షతోటలకు ఆర్సెనిక్ మందు కొట్టిన రైతుల కాలేయాలలో చాలా ఏళ్ళ తర్వాత ఇదే క్యాన్సర్ బయటపడింది. పేరు తెలియని చూర్ణాలనూ, భస్మాలనూ సంవత్సరాల తరబడి వాడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక మన ఇళ్ళలో ఎదురయ్యే అవకాశం ఎక్కువగా ఉన్న రూపాలకు వస్తాను.

మొదటిది రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందిన స్త్రీలకు సంబంధించినది. పూర్వం రొమ్ముతో పాటు చంకలోని గ్రంథులన్నింటినీ తీసివేసేవారు. దానివల్ల చేతిలోని రసం పైకి పోయే దారి మూసుకుపోయి, కొందరికి చేయి ఏళ్ళ తరబడి లావుగా వాచి ఉండేది. అలా వాచిన చేతి మీద కొన్నాళ్ళకు ఊదారంగు మచ్చలు, బుడిపెలు వచ్చేవి. పాత క్యాన్సరే తిరగబెట్టిందని వైద్యులు భావించేవారు, రోగులు మరణించేవారు. న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రిలోని ఫ్రెడ్ స్టీవార్ట్, నార్మన్ ట్రీవ్స్ అటువంటి ఆరుగురి కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, ఇది తిరగబెట్టిన రొమ్ము క్యాన్సర్ కాదనీ, వాపు వచ్చిన చేతిలో కొత్తగా పుట్టిన నాళాల క్యాన్సర్ అనీ 1948లో ప్రకటించారు. ఈనాటికీ దాన్ని స్టీవార్ట్-ట్రీవ్స్ వ్యాధి అనే పిలుస్తున్నాం. చాలాకాలంగా ఉన్న బోదకాలు మీద కూడా ఇది వచ్చిన సందర్భాలు ఉన్నాయి, కానీ అవి మరీ అరుదు.

నేడు చంకగ్రంథులన్నీ తీసే అవసరం తగ్గింది, అటువంటి వాపులూ తగ్గాయి. అయితే రొమ్మును కాపాడి రేడియేషన్ ఇవ్వడం పెరిగింది. ఆ రేడియేషన్ వల్ల క్యాన్సర్ తిరగబెట్టడం బాగా తగ్గుతుంది, దాని మేలు నిస్సందేహం. కానీ చాలా కొద్దిమందిలో, రేడియేషన్ ఇచ్చిన చోటి చర్మం మీదే యాంజియోసార్కోమా వస్తుంది. వచ్చే సమయాన్ని గమనించండి. సాధారణంగా చికిత్స అయిన ఐదు నుండి పది సంవత్సరాల మధ్య. అంటే రోగి తనకు నయమైందని నమ్మి, బెంగుళూరు ప్రయాణాలు మానుకుని, ఆ పాత ఫైలును బీరువా అడుగున పెట్టిన తర్వాత. అప్పుడు రొమ్ము చర్మం మీద చిన్న ఊదా మచ్చ కనిపిస్తే, రవిక ఒరిపిడి అనో, వేడి పొక్కు అనో అనుకోవడం సహజం. సిగ్గు వల్ల ఇంట్లో కూడా చెప్పరు. పై చికిత్స పొందిన స్త్రీలు మీ ఇంట ఉంటే, ఎన్నేళ్ళయినా సరే, ఆ చోటి చర్మాన్ని స్నానం చేసేటప్పుడు చూసుకోమని చెప్పండి. ఎరుపు, నీలం, ఊదా రంగు మచ్చ ఏది వచ్చినా పాత ఫైలు తీసుకుని వెళ్ళాలి.

రెండవ రూపం వృద్ధుల తలది. దీన్ని ఒక ప్రత్యేక వ్యాధి స్వరూపంగా వైద్యలోకం ముందు పెట్టినవారిలో బ్రిటిష్ చర్మవైద్యుడు ఎడ్వర్డ్ విల్సన్ జోన్స్ ముఖ్యుడు. 1964లో ఆయన వ్రాసిన వ్యాసం తర్వాత వృద్ధుల తల, ముఖం మీది కమిలిన మచ్చను వైద్యులు వేరే కన్నుతో చూడడం మొదలుపెట్టారు. అరవై దాటినవారిలో, స్త్రీలలో కన్నా పురుషులలో ఎక్కువగా, నడినెత్తి మీదో నుదుటి మీదో ఎర్రగా లేదా ఊదాగా ఒక మచ్చ వస్తుంది. మొదట నొప్పి ఉండదు, దురద ఉండదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. కొన్ని వారాలకు దాని చుట్టూ చిన్న చిన్న మచ్చలు లేస్తాయి. మధ్యభాగం ఉబ్బి బుడిపెలా అవుతుంది, దువ్వెన తగిలితే రక్తం కారుతుంది. కొందరిలో కనురెప్పలు, ముఖం వాస్తాయి. కంటికి కనిపించే అంచు కన్నా వ్యాధి చర్మంలో చాలా దూరం పాకి ఉండటం దీని స్వభావం. అందువల్లనే ఆలస్యమైతే పూర్తిగా కోసి తీయడం కష్టమవుతుంది.

తన నడినెత్తిని తాను చూసుకోగలిగిన మనిషి లేడు. ధర్మవరంలో గుంటమగ్గం మీద వంగి కూర్చున్న పెద్దాయన తలను ఆయనకంటే ముందు చూసేది పక్కన నూలు చుట్టే ఇల్లాలు. పెనుకొండలోనైనా, హిందూపురంలోనైనా క్షవరం చేసే మనిషి నెలకొకసారి చూస్తాడు. తలకు నూనె రాసే కోడలు చూస్తుంది. "నెత్తిన ఈ మచ్చ పోయినసారి లేదే" అని వారు అనగలిగితే, వైద్యుడి పనిలో సగం అక్కడే పూర్తయినట్టు. వృద్ధుల చర్మం పలచబడి, ఆస్పిరిన్ వంటి మందుల వల్ల తేలికగా కములుతుంది. కాబట్టి ప్రతి మచ్చకూ హడలిపోనక్కరలేదు. అలాంటి మచ్చలు ఎక్కువగా ముంజేతుల మీద వచ్చి, కొన్ని వారాలలో పోతాయి. దెబ్బ తగలకుండా వచ్చి, మూడు నాలుగు వారాలు దాటినా పోకుండా, పెరుగుతూ ఉన్న మచ్చ గురించే నేను చెబుతున్నది.

ఆ మచ్చకు పసరు కట్టడం, కాపడం పెట్టడం, తెలిసిన మందుల షాపులో ట్యూబు తెచ్చి నెలల తరబడి పూయడం వద్దు. ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ ఇచ్చిన వైద్యుణ్ణి తప్పుపట్టనక్కరలేదు. మొదటి చూపుకు అది అలాగే కనబడుతుంది. కానీ ఒక కోర్సు పూర్తయినా తగ్గకపోతే మరో కోర్సుకు బదులు బయాప్సీ గురించి అడగండి.

పసిబిడ్డల తల్లిదండ్రులు కంగారుపడకుండా ఒక వివరణ. పుట్టిన కొద్ది వారాలకు బిడ్డ ఒంటిమీద లేచే ఎర్రని, మెత్తని రక్తనాళపు గడ్డ దాదాపు ఎల్లప్పుడూ క్యాన్సర్ కాదు. మొదటి ఏడాది పెరిగి తర్వాత తానే తగ్గిపోతుంది. కంటి దగ్గర, ముక్కు దగ్గర, నోటి దగ్గర ఉంటే మాత్రం పిల్లల వైద్యునికి చూపించాలి.

లోపలి అవయవాలలో వచ్చే రకాన్ని ముందుగా పసిగట్టడం ఇంట్లోవారికి సాధ్యం కాదు కనుక క్లుప్తంగా చెబుతాను. కాలేయంలో వస్తే కుడి డొక్కలో నొప్పి, కామెర్లు, పొట్టలో నీరు. గుండెలో వస్తే సాధారణంగా కుడి పై గదిలో పుడుతుంది. ఆయాసం వస్తుంది, గుండె చుట్టూ రక్తం కలిసిన నీరు చేరుతుంది. మన దేశంలో గుండె చుట్టూ నీరు అంటే మొదట క్షయనే అనుమానిస్తాం, అది సరైన పద్ధతే. క్షయ మందులు వాడినా నీరు మళ్ళీ మళ్ళీ చేరుతుంటే మాత్రం గుండె లోపలి గదులను స్కాన్లతో మరోసారి శ్రద్ధగా చూడాలి.

దీనికి దగ్గరి బంధువైన మరో వ్యాధి పేరు మీరు వినే ఉంటారు, కపోసీ సార్కోమా. 1872లో వియన్నా చర్మవైద్యుడు మోరిట్స్ కపోసీ వర్ణించిన ఈ వ్యాధి, 1981లో అమెరికాలో యువకులలో గుంపుగా కనిపించి ఎయిడ్స్ ఉనికిని లోకానికి తెలిపింది. దానికి ఒక హెర్పిస్ జాతి వైరస్ కారణమని 1994లో తేలింది. ఆ వైరస్ మన దేశంలో తక్కువ కావడం వల్ల, మన హెచ్ఐవి రోగులలో కపోసీ సార్కోమా అరుదుగానే కనబడింది. హెచ్ఐవి ఉన్నవారి ఒంటిమీద, అంగిటిలో ఊదారంగు మచ్చలు వస్తే అయినా చూపించుకోవాలి.

చికిత్స విషయానికి వస్తే, మచ్చ చిన్నదిగా ఉండగా చుట్టూ మంచి చర్మంతో సహా కోసివేసి, అవసరమైతే రేడియేషన్ ఇవ్వడం ప్రధానం. పాకిపోయినప్పుడు ప్యాక్లిటాక్సెల్ అనే మందును వారం వారం ఇస్తారు. ఇటీవలి ఒక ఆసక్తికర ప్రయత్నం మన దేశంలోనే జరిగింది. ప్రొప్రనలాల్ అనేది రక్తపోటుకూ, గుండె దడకూ వాడే పాత, చవకైన మాత్ర. ఫ్రాన్సులో గుండె జబ్బుకు ఆ మందు వాడిన ఒక బిడ్డకు ఉన్న రక్తనాళపు గడ్డ అనుకోకుండా కరిగిపోయిందని 2008లో ప్రచురించారు. ఆ ఆధారంతో ముంబైలోని టాటా మెమోరియల్ కేంద్రం వైద్యులు, విదేశీ పరిశోధకులతో కలిసి, ముదిరిన యాంజియోసార్కోమా ఉన్న కొద్దిమంది రోగులకు ప్రొప్రనలాల్‌తో పాటు తక్కువ మోతాదు కీమోథెరపీ ఇచ్చి, కణుతులు తగ్గినట్టు 2016లో తెలిపారు. రోగుల సంఖ్య చాలా తక్కువ కనుక దీన్ని రుజువైన చికిత్సగా భావించరాదు. ఆ మాత్రను ఎవరూ సొంతంగా మింగరాదు. ఆస్తమా ఉన్నవారికి అది ప్రాణాంతకం కావచ్చు.

చివరగా బయాప్సీ గురించి. "ముక్క తీస్తే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుంది" అనే నమ్మకం మన పల్లెల్లో బలంగా ఉంది. అది నిజం కాదు. ముక్క తీయకుండా ఈ వ్యాధి పేరు తెలుసుకునే మార్గం లేదు. పైపైన గోకిన ముక్క చాలదు, చర్మం లోతు వరకు తీయాలి. ల్యాబ్‌లో మామూలు పరీక్షతో పాటు సీడీ 31, ఈఆర్‌జీ అనే ప్రత్యేక రంజకాలతో చూస్తేనే అవి రక్తనాళాల కణాలని రూఢి అవుతుంది. ఈ పరీక్షలు చిన్న ల్యాబులలో ఉండకపోవచ్చు. తీసిన ముక్కను ల్యాబ్‌వారు మైనపు దిమ్మెలో భద్రపరుస్తారు. దాన్ని బ్లాక్ అంటారు. హిందూపురంలోనో, అనంతపురంలోనో బయాప్సీ జరిగి, తర్వాత బెంగుళూరుకో, తిరుపతికో, హైదరాబాదుకో వెళ్ళవలసి వస్తే రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకుని రైలెక్కకండి. ఆ బ్లాకునూ, గాజు స్లైడ్లనూ అడిగి తీసుకోండి. అవి మీ దగ్గర ఉంటే పెద్దాసుపత్రిలో చాలాసార్లు మళ్ళీ కోయవలసిన పని ఉండదు, వారం పది రోజులు కలిసి వస్తాయి. వెళ్ళే ముందు మచ్చను పగటి వెలుతురులో, పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి, ఫోనుతో వారానికొక ఫోటో తీసి ఉంచండి. మచ్చ ఎంత వేగంగా పెరిగిందో అక్కడి వైద్యుడికి చూపించవచ్చు.